జిల్లేడు కుండీలో బండోడు

మళ్ళీ ఇంకో ఆకు వాలిపోయింది.

కొత్త పెళ్ళికూతురికి ఒళ్ళు మండింది. బాల్కనీలో ఉన్నదే ఒక్క జిల్లేడు కుండీ. ఏదో సీతాకోకచిలుక వచ్చి గుడ్లు పెట్టిపోతే, ఆకుల మీద నువ్వుగింజంత పురుగుపిల్లలు పుట్టాయి. పాలిపోయిన ఒళ్ళు, నల్లటి తలకాయలు.

జిల్లేడు పాలు కంట్లో పడితే ఇంకేమైనా ఉందా అని అద్దెకిచ్చిన ఇంటావిడ గోల. "విషం మొక్కమ్మాయ్. నెలాఖరుకి ఆ పురుగులు చిలుకలై ఎగిరాయా సరే. లేదా, కుండీ తీసెయ్."

ఈ ఆకులు వాల్చే ఘనుడు బండోడు. భర్త పెట్టిన పేరు. ఎక్కణ్ణుంచి దిగాడో తెలీదు. వేలంత లావు గొంగళిపురుగు, ఒంటినిండా పసుపు నలుపు చారలు. ఆకు మొదట్లో ఈనె కొరుకుతాడు. పాలు బొట్లు బొట్లుగా కారి, ఆకు వేలాడిపోతుంది. కాస్త తిని పక్క ఆకు మీదికి పోతాడు.

"తింటే తిన్నాడు, పాడుచెయ్యడం దేనికండీ?"

"నేను పుస్తకాలు చదివినట్టు. అన్నీ తెరుస్తాడు, ఏదీ పూర్తిచెయ్యడు."

ఆమెకు నవ్వు రాలేదు. పసివాళ్ళ నోటికాడి కూడు లాక్కుంటున్నాడని, వాణ్ణి అట్టముక్క మీదికి ఎక్కించి రోడ్డు పక్క గడ్డిలోకి విసిరేసింది.

"పో, మీ ఇంట్లో తిను."

ఆకులు నిగనిగలాడాయి. ఆ సంబరం ఒక్కరోజే.

మర్నాడు పురుగుపిల్లలు కొరికిన చోటల్లా పాలు ఉబికి, ఆ జిగురులో మూతులు అంటుకుని చచ్చిపడి ఉన్నాయి. ఆమె దూదితో పాలు తుడిచింది. మొక్కను తిట్టింది. భర్తను తిట్టింది.

"నేనేం చేశాను?"

"ఏమీ చెయ్యలేదు. అందుకే."

చివరికి ఒక్కటంటే ఒక్కటి మిగిలింది. బండోడు వాల్చేసిపోయిన ఆకు మీద, పాలు ఎప్పుడో కారిపోయిన ఆకు మీద.

దాన్నే చూపించి ఇంటావిడ దగ్గర గడువు పొడిగించుకుంది. కంటికి రెప్పలా కాచుకుంది. అది కుబుసం విడుస్తూ ఎదిగింది.

ఓ పొద్దున భర్తను పిలిచింది. "ఏమండీ, ఇటు రండి."

దాని ఒంటినిండా పసుపు నలుపు చారలు. కొత్త ఆకు మొదట్లో కూర్చుని ఈనె కొరికింది. పాలు కారేదాకా ఆగింది. అప్పుడు తినడం మొదలుపెట్టింది.

"అచ్చం బండోడే," అన్నాడు భర్త మెల్లగా.

ఆమె పిట్టగోడ మీదుగా కిందికి చూసింది. రోడ్డు పక్క గడ్డి ఎప్పుడో కోసేశారు.

మీ ఇంటికి పొమ్మని ఆమె గెంటేసింది, ఆ ఇంటి పెద్దన్ననే.