పందొమ్మిదో షరతు

"మళ్ళీ చదవండి ప్లీడరుగారూ, నెమ్మదిగా," అంది దర్జీ ఆమె, పెదాల మధ్య గుండుసూదులు పట్టుకునే.

ప్లీడరుగారు కొత్త కోటు తొడుక్కుని కొలతకి ఒక చెయ్యి చాచి, రెండో చేత్తో ఆమె ఫోను పట్టుకుని చదివారు. "పందొమ్మిది. నిష్క్రమించిన వాడుకరి సంభాషణా సరళిని, తక్కిన వాడుకరుల అనుభవానికి అంతరాయం కలగకుండా, సంస్థ తగు రీతిన కొనసాగించవచ్చును. గత సంవత్సరం నుంచే ఇది వర్తించును."

"అంటే?"

"అంటే..." ఆయన కళ్ళజోడు సవరించుకోబోయారు. చెయ్యి కదపొద్దని ఆమె కసిరింది. "అంటే, మానేసినా పూర్తిగా మానేసినట్టు కాదనుకుంటానమ్మా."

"అనుకుంటున్నారా, తెలిసే చెబుతున్నారా?"

"ఇంకోసారి చదివితే చెబుతాను."

అప్పటికి నాలుగుసార్లు చదివారు. ఆమె కబుర్లూ ఫొటోలూ పంపుకునే యాప్ వాళ్ళు షరతులు మార్చి పది రోజులైంది. సాయంత్రం ఆరులోగా 'అంగీకరిస్తున్నాను' అని నొక్కాలి, లేదా ఖాతా మూసుకుని పోవాలి. మొత్తం నలభై ఒక్క షరతులు. పద్దెనిమిదింటి దాకా ఆమె ఎలాగో నెట్టుకొచ్చింది. పందొమ్మిదో దాని దగ్గర బుర్ర పనిచేయడం మానేసింది.

మూల స్టూలెక్కి స్విచ్చి బోర్డు విప్పుతున్న ఎలక్ట్రీషియన్ భర్త అక్కణ్ణుంచే తీర్పు చెప్పాడు. "ఉంచు. నువ్వు కుట్టినవాటి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి కదా."

"నిన్న తీసెయ్యమన్నారు?"

"నిన్న పన్నెండోది చదివాను. ఇవాళ పద్నాలుగోది చదివాను."

"రేపు ఇంకోటి చదివి ఇంకోటంటారు. మీ సలహా వింటే నేను తలుపు మధ్యలో నిలబడిపోతాను, లోపలికీ కాదు, బయటికీ కాదు."

ఎలక్ట్రీషియన్‌గారు స్క్రూ బిగించడంలో మునిగిపోయారు. ఇంట్లో వాదన ముదిరినప్పుడల్లా ఆయనకి స్క్రూలు వదులైపోతుంటాయి.

ఫొటోలు పోయినా ఆమె తట్టుకోగలదు. కుట్టిన చేతులున్నాయి, మళ్ళీ కుడతాయి. ఆమె భయమంతా అక్క గురించి.

ఏడు నెలల క్రితం అక్క కూతురి ఇంటర్వ్యూకి ఆమె ఒక కోటు కుట్టి పంపింది. భుజం దగ్గర కాస్త పట్టేసింది. "సొంత మనుషులకి కదా అని చేతికొచ్చినట్టు కుట్టి పారేశావు," అంది అక్క ఫోనులో. రెండు రాత్రులు కూర్చుని కుట్టిన ఆమెకి ఒళ్ళు మండింది. ఏవేవో అనేసి ఫోను పెట్టేసింది.

వాళ్ళింట్లో క్షమించమని నోటితో అడిగే అలవాటు ఎవరికీ లేదు. 'తిన్నావా' అని అడిగితే క్షమించమన్నట్టే. వారం రోజులు బిగదీసుకుని, చివరికి ఆమే యాప్‌లో 'అక్కా, తిన్నావా?' అని రాసింది. 'తిన్నా చిన్నీ, నువ్వు?' అని వెంటనే వచ్చింది. ఆ రోజు ఆమె మిషను ముందు కూర్చుని ఏడ్చింది. అక్కడితో గొడవ తీరిపోయింది.

అప్పట్నుంచి కబుర్లన్నీ అందులోనే. ఫోను మాత్రం ఇద్దరూ చేసుకోలేదు. గొంతు వింటే పాత మాటలు పైకొస్తాయని ఆమెకి భయం. అక్కకీ అదే భయమేమో అనుకుంది. పైగా అక్క బాగా మెత్తబడింది. ఇదివరకు మాటకో వంక పెట్టేది, ఇప్పుడు దేనికీ తప్పు పట్టదు. తను పనిచేసే మందుల షాపులో ఎంత రద్దీగా ఉన్నా క్షణంలో జవాబిస్తుంది. చెల్లెలంటే అంత ప్రాణం మరి.

ప్లీడరుగారు కోటు విప్పి ఇచ్చి, ఐదోసారి చదివి, "తమ ఇష్టం," అని మెల్లగా జారుకున్నారు. గోడ గడియారం ఆరుకి పావు తక్కువ చూపిస్తోంది.

ఆమె అక్కకే రాసింది. 'ఏం చెయ్యను? ఉండనా, తీసెయ్యనా? నాకేం పాలుపోవట్లేదు.'

'నువ్వు పోతే నేనెవరితో మాట్లాడను చిన్నీ? ఉండవే.'

'ఆ పందొమ్మిదోది నీకు అర్థమైందా?'

'అవన్నీ ఎవరు చదువుతారే. నొక్కెయ్.'

నొక్కేసింది. పది రోజుల తలనొప్పి ఒక్కసారిగా దిగిపోయింది. 'నేనెవరితో మాట్లాడను' అన్న మాట మళ్ళీ మళ్ళీ చదువుకుంది. ఇంత ప్రేమ పెట్టుకుని ఇంకా గొంతు వినడానికి భయమేమిటని తనని తనే తిట్టుకుంది. ఏడు నెలల తర్వాత మొదటిసారి అక్క నంబరు నొక్కింది.

"హలో," అంది అక్క. ఆ ఒక్క మాటకే ఆమె కళ్ళు నిండిపోయాయి.

"నీ మాటే విన్నానక్కా. ఉండిపోతున్నాను."



"ఎక్కడ ఉండిపోతున్నావే?"

"ఆటలొద్దక్కా. ఇందాకేగా ఉండవే అని బతిమాలావు."

"నేనా?" అంది అక్క. "ఇన్ని నెలలకి ఫోను చేసి ఏం మాటలే ఇవి? చిన్నదానివి, నువ్వే చేస్తావని రోజూ చూశాను. నేను చచ్చానో బతికానో కూడా నీకు పట్టలేదు."

"అదేంటక్కా? రోజూ యాప్‌లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా."

"మనం పోట్లాడుకున్న రోజే నేనది తీసేశాను చిన్నీ."