చెరిపే వీలు లేదు

ల్యాబులోని కంప్యూటర్లన్నిటికీ డిస్కులు పీకేసిన రోజునే లెక్కల మాస్టారి భార్య గొంతు పోయింది.

మనిషి అంతకు ముందే పోయింది. అదే బళ్ళో భాష చెప్పేది. ఓపిక ఉన్నప్పుడే, రేపు రాలేకపోతే పిల్లలకు పనికొస్తాయని, ల్యాబులో కూర్చుని కొన్ని పాఠాలు రికార్డు చేసి పెట్టింది. ఇప్పుడు ఆ కంప్యూటర్ ఉంది. అందులో డిస్కు లేదు.

"ఎక్కడికీ పోలేదు మాస్టారూ," అన్నాడు ప్రిన్సిపాల్ గారి బావమరిది. గోడల రంగుల దగ్గర్నుంచి కంప్యూటర్ల దాకా ఆ బళ్ళో ఏ పనైనా అతని చేతి మీదుగానే జరిగేది. "డిస్కు శరీరం లాంటిది. డేటా ఆత్మ. శరీరం పోయినంత మాత్రాన ఆత్మ పోతుందా?"

భార్య పోయిన మనిషితో ఈ మాట అనవచ్చా అన్న అనుమానం అతనికి రాలేదు. అనుమానాలు అతని జోలికి వచ్చేవి కావు.

"మరి ఎక్కడుంది?"

"పక్క గదిలో స్టోరేజీ పెట్టె ఉంది కదా, కంప్యూటర్లను నడిపే లినక్సు మొత్తం అందులోనే. ఇక్కడ ఏ కంప్యూటర్ మీట నొక్కినా నెట్‌వర్కు తీగ వెంట అక్కడినుంచే తెచ్చుకుని లేస్తుంది. మేడమ్ గారి పాఠాలు పొద్దున నేనే పాత డిస్కులోంచి కాపీ చేశాను. చూడండి."

మీట నొక్కాడు. తెర వెలిగింది. పాఠాలు లేవు. పక్క కంప్యూటర్‌లో చూశాడు. అందులోనూ లేవు.

"ఇక్కడే పెట్టానండీ. కళ్ళారా చూశాను."

"తర్వాత?"

"ఆపేసి టీకి వెళ్ళాను."

"ఆపేస్తే ఏమవుతుంది?"

"అదే కదండీ దీని గొప్ప! స్టోరేజీలో ఉన్నది చదువుకోవడమే, ఈ కంప్యూటర్లనుంచి మార్చే వీలు లేదు. పిల్లలు ఎన్ని పిచ్చి రాతలు రాసినా కంప్యూటర్ తాత్కాలిక మెమరీలోనే ఉంటాయి. ఆపగానే అంతా మాయం. మళ్ళీ వేస్తే అప్పుడే పుట్టిన పాపాయిలా..."

అక్కడ ఆగాడు.

మాస్టారు కుర్చీ లాక్కుని నెమ్మదిగా కూర్చున్నారు. "మీరు రాసింది మాత్రం పోదనుకున్నారా?"

"నేను ఇన్‌ఛార్జిని కదండీ," అన్నాడు బావమరిది, కొంచెం నొచ్చుకుని.

"పాత డిస్కులేవి?"

"మెట్ల కింద గోనెసంచిలో ఉన్నాయి. పాత సామాన్లవాడు రేపొస్తానన్నాడు."

మాస్టారే వెళ్ళి సంచి ఈడ్చుకొచ్చారు. ఒక్కో డిస్కూ తగిలించి చూశారు. ఒకదాంట్లో ఆటలు, ఒకదాంట్లో పెళ్ళి ఫొటోలు, ఒకటి అసలు తిరగనే లేదు. సంచి అడుక్కు వచ్చాక ఒకటి తెరుచుకుంది. "పిల్లలూ, కిటికీలోంచి చూసింది చాలు. ఇటు చూడండి," అంది ఆమె.

మాస్టారు కిటికీ వైపు తిరిగారు.

పాఠం ముగింపుకు వస్తుండగా మాత్రం గబుక్కున లేచి ఆపేశారు. "చివర చిన్న ముక్క ఉంది. అది ఎవరూ వినకూడదు. చెరిపెయ్యమని తనే చెప్పింది."

రికార్డింగు ఆగిపోయిందనుకుని, ఎదురుగా కూర్చున్న భర్తకు ఆమె ప్రిన్సిపాల్ గారిని అనుకరించి చూపించిన ముక్క అది. అది ఆయన చెవిన పడితే మాస్టారి ఉద్యోగానికి నీళ్ళొదులుకోవడమే. కానీ అనుకరించాక ఆమె నవ్వింది. ఆ నవ్వు ఇంకెక్కడా లేదు. అందుకే చెరపడానికి మాస్టారికి చెయ్యి రాలేదు.

"ఈసారి స్టోరేజీ లోపలే భద్రంగా పెడతాను. బ్రహ్మదేవుడు వచ్చినా పోదు," అన్నాడు బావమరిది.

"ఆ చివరి ముక్క?"

"అది కూడా చూస్తానండీ. నాకు వదిలెయ్యండి."

మర్నాడు కొత్త హంగుల ల్యాబుకు ప్రారంభోత్సవం. ప్రిన్సిపాల్ గారు మీట నొక్కారు. కంప్యూటర్లన్నీ ఒక్కటొక్కటిగా లేచాయి. అందరూ చప్పట్లు కొట్టబోతుంటే బావమరిది చెయ్యెత్తాడు.

"బావా, ఒక్క నిమిషం. ఇకమీదట కంప్యూటర్ లేవగానే మేడమ్ గారి గొంతు వినిపిస్తుంది. ఆలోచన నాదే."

చివరి ముక్క తీశారా అని మాస్టారు అడిగేలోపే పాఠం మొదలైంది.

పాఠం చిన్నదే. టీచర్లు తల వంచుకుని విన్నారు. ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. పాఠం అయిపోయింది. గొంతు అయిపోలేదు.

"ఏమండీ, ఆగిందా ఇది? ఆగినట్టే ఉంది. సరే, ఇది వినండి." గొంతు బొంగురుగా మారింది. "'నాకు తెలియక అడగడం లేదమ్మా. మీకు తెలుసో లేదో అని అడుగుతున్నాను. అసలు ఆ పని నేనే చేసి పారేసేవాణ్ణి. ఎలా చెయ్యాలో ముందు మీరు చెప్పండి!'"

ఆ తర్వాత నవ్వింది. అన్నీ ఒకే పెట్టె నుంచి అందుకోవడం వల్ల ఒక్కో కంప్యూటర్‌కూ కాస్త వెనకా ముందుగా అందింది. నవ్వు ఈ చివర మొదలై ఆ చివరిదాకా వెళ్ళింది.

టీచర్లందరూ నేల చూపులు చూశారు. ఎవరో దగ్గారు. మాస్టారు మనసులోనే రాజీనామా రాసుకున్నారు.

ప్రిన్సిపాల్ గారి భుజాలు కదిలాయి. తర్వాత పొట్ట కదిలింది. పగలబడి నవ్వారు.

"ఏరా, విన్నావా? నిన్నే! అచ్చు గుద్దినట్టు నిన్నే దించేసింది మేడమ్!"

"నన్నా బావా?"

"ఇంకెవర్నిరా? ఈ బళ్ళో అలాంటివాడు ఇంకొకడున్నాడా?"

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "సార్, ఆ చివరి ముక్క తీసెయ్యమని..."

"ముట్టుకున్నారంటే ఊరుకోను మాస్టారూ! రోజూ పొద్దున్నే వీడు వినాలి."

ఇప్పుడు రోజూ పొద్దున్నే అన్ని కంప్యూటర్లూ నవ్వుతున్నాయి. భార్య చెప్పిన ఆ ఒక్క పనీ మాస్టారు ఇంకా చెయ్యలేదు.