ఎర్ర బండి, నీలం బండి

"పైకి ఏ పక్షమూ లేనట్టు కనిపిస్తావు గానీ, తమ్ముడంటే ప్రేమ ఎక్కడికి పోతుంది?" అన్నాడు బావ తన భార్యతో, హెల్మెట్ బిగించుకుంటూ.

"అంత ప్రేమే ఉంటే ఇరవై ఏళ్ల కిందటే పుట్టింటికి పోయేదాన్ని," అందావిడ.

పది అడుగుల దూరంలో నిలబడ్డ బావమరిది చెవులు రిక్కించాడు. "అక్కా, ఆయన చెవిలో ఏం ఊదుతున్నావ్?"

"నాలుగో మలుపులో గుంట ఉంది, జాగ్రత్త అని. నీకూ అదే చెబుతున్నా, విను."

ఇద్దరూ విన్నారు. ఇద్దరూ నమ్మలేదు.

బావా బావమరుదులు కలిసి పదకొండేళ్లుగా డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నారు. స్కూటర్లు, కార్లు నేర్పుతారు. ఇప్పుడు మట్టి ట్రాక్ మీద గెంతుతూ పోయే మోటోక్రాస్ బళ్లు కూడా నేర్పుదామనుకున్నారు. ఆరు బళ్లు కొనాలి. బావ ఎర్ర కంపెనీ అన్నాడు. బావమరిది నీలం కంపెనీ అన్నాడు. అప్పట్నుంచి ఉప్పూ నిప్పూ.

నెల రోజులుగా ఆఫీసులో ఒకే బల్లకి చెరో వైపు కూర్చుని, మాటలన్నీ ఆవిడ మీదుగానే పంపుకుంటున్నారు.

"ఆ స్టేప్లర్ ఇటు జరపమని మీ తమ్ముడికి చెప్పు."

"అందులో పిన్నులు లేవని బావకి చెప్పక్కా."

ఈ ఆదివారం ఏ బండో తేలకపోతే, సోమవారం స్కూలు బోర్డు మీద ఒక పేరు చెరిపేసుకుని ఎవరి దారిన వాళ్లు పోవాలనుకున్నారు. నెలలో ఇద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

అందుకే ఆవిడ రెండు కంపెనీల నుంచీ చెరో బండీ ట్రయల్‌కి తెప్పించింది. షరతు కూడా ఆవిడదే. ముందు ఎవరికి నచ్చిన బండి మీద వాళ్లు ఐదు రౌండ్లు. తర్వాత మార్చుకుని ఇంకో ఐదు. చివర్న ఎదుటివాడి బండి ఎలా ఉందో రాసి సంతకం పెట్టాలి.

ఇద్దరికీ ట్రాక్ ఎక్కడం ఇదే మొదలు. ఆ సంగతి ఇద్దరూ ఒప్పుకోరు.

పొద్దున్నే వాన కొట్టింది. ఐదు రౌండ్లు తిరిగొచ్చేసరికి ఇద్దరూ కుమ్మరి సారె మీంచి దిగినట్టున్నారు.

"వెన్న!" అన్నాడు బావ ఎర్ర బండి దిగుతూ. "చెయ్యి వేస్తే చాలు, జారిపోతోంది."

"పల్లకీ!" అన్నాడు బావమరిది నీలం బండి దిగుతూ.

బళ్ల రంగులు మాత్రం ఎక్కడా కనబడలేదు. నిలువెల్లా బురదే. ఏది ఏదో తెలియడానికి ముందు కట్టిన నంబరు పలకలే దిక్కు. ఎర్రదానికి ఎనిమిది, నీలందానికి ఐదు. వాటి మీదా బురదే. నంబరు కనబడకపోతే రౌండు లెక్కపెట్టనని జెండా ఊపేవాడు కచ్చితంగా చెప్పేశాడు.

టీ తాగి రమ్మంటే ఎవరూ కదల్లేదు. బావమరిది జేబులో స్పానర్ ఉండటం బావ చూశాడు. బావ టైరు దగ్గర వంగి లేవడం బావమరిది చూశాడు.

"అక్కడేం చేస్తున్నావ్ బావా?" నెల తర్వాత నేరుగా పలికిన మొదటి మాట అది.

"బూటు లేసు కట్టుకుంటున్నా."

"ఈ బూట్లకి లేసులుండవు."

"అందుకే దొరకలేదు. మరి నీ జేబులో స్పానర్ దేనికో?"

"అలవాటు."

"చాలు, ఇద్దరూ ఆ టెంటులోకి పొండి. బళ్లకి నేను కాపలా," అందావిడ.

నీళ్ల పైపు దగ్గర చాంతాడంత వరస. చేతిలో ఉన్నది ఒక్క బకెట్టు నీళ్లు. ఆవిడ రెండు పలకలూ విప్పి, బకెట్లో ముంచి కడిగి, రబ్బరు పట్టీలు లాగి మళ్లీ కట్టింది. టెంటులోంచి ఇద్దరూ రెప్ప వేయకుండా చూశారు, ఒకరినొకరు.

రెండో విడతకి బావ ఐదో నంబరు ఎక్కాడు. బావమరిది ఎనిమిదో నంబరు ఎక్కాడు. తిరిగొచ్చాక టెంటంతా అదిరిపోయింది.

"క్లచ్చా అది? బావిలోంచి గంగాళం లాగినట్టుంది!" అన్నాడు బావ. "వెనక చక్రం గాడిదలా తన్నింది. ఏం బిగించావురా ఆ స్పానర్‌తో?"

"నా బండి నేనే పాడు చేసుకుంటానా?"

"నన్ను పడేయడానికి ఎంతకైనా తెగిస్తావు నువ్వు."

"నీదేమన్నా తక్కువ తిందా! ఎడమకి తిప్పితే కాసేపు ఆలోచించుకుని కుడికి పోతోంది. ఇందాక టైరు దగ్గర వంగింది ఇందుకన్నమాట!"

ఆవిడ చెరో కాగితం ఇచ్చింది. బావ పదమూడు తప్పులు రాశాడు. బావమరిది అది ఓరగా చూసి పద్నాలుగు రాశాడు. 'ఈ బండి మా స్కూలు గేటు దాటి లోపలికి రాకూడదు' అని కింద గీత గీసి మరీ సంతకాలు పెట్టారు.

"మళ్లీ మాట మార్చరుగా?"

"ప్రాణం పోయినా మార్చను," అన్నాడు బావ.

"నాదీ అదే మాట," అన్నాడు బావమరిది. ఇద్దరికీ కుదిరిన రెండో మాట అది.

ఆవిడ కాగితాలు మడిచి, హ్యాండ్‌బ్యాగులో పెట్టి, జిప్పు వేసింది. అప్పటికి నీళ్ల పైపు దగ్గర వీళ్ల వంతు వచ్చింది. ఇద్దరూ చూస్తుండగా ఆవిడే పైపు పట్టుకుని రెండు బళ్ల మీదా నీళ్లు కొట్టింది.

బురద జారిపోయేసరికి, బావ పదమూడు తప్పులు పట్టిన బండి ఎర్రగానూ, బావమరిది పద్నాలుగు తప్పులు పట్టిన బండి నీలంగానూ తేలాయి.