తాడులో టెన్షన్

"ఫోన్ ఇటివ్వు," అంటూ చెయ్యి చాచాడు తండ్రి.

"నాన్నా, రేపటి టెస్టు నోట్సు అందులోనే ఉంది."

"ఉండనీ. మీ కాలేజీ కౌన్సెలర్ మేడం పొద్దున్నే పనిగట్టుకుని ఫోన్ చేసింది. పరీక్ష హాల్లో నీ చేతులు వణికాయట, పెన్ను కూడా పట్టుకోలేకపోయావట. రోజూ ఓ అరగంటైనా స్క్రీన్ ఆపేయండి అంది. ఆపేద్దాం. ర్యాంకు కన్నా ఆరోగ్యం ముఖ్యం. ఆరోగ్యం బాగుంటేనే కదా ర్యాంకు!"

ఆయన లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. ఏ పనికైనా ఓ కాగితం, ఓ కొలత, కింద ఓ సంతకం ఉండాల్సిందే. కూతుర్ని బాల్కనీలో కుర్చీలో కూర్చోబెట్టాడు. తను ఎదురుగా స్టూలు వేసుకుని, నోటుపుస్తకంలో "విశ్రాంతి: మొదటి రోజు" అని రాసి, చేతి గడియారంలో అలారం పెట్టాడు.

"ఊఁ, మొదలెట్టు."

"ఏం మొదలెట్టను?"

"విశ్రాంతి."

ఆ పిల్ల తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకుంది. రెండు నిమిషాలైనా గడవకముందే మోకాలి మీద తట్టాడు.

"నిద్రపోకు. నిద్ర ఇందులోకి రాదు."

కళ్లు తెరిచింది. ఎదుటి బిల్డింగుకు తాళ్లతో వేలాడుతూ ఓ పెయింటరు నీలం రంగు వేస్తున్నాడు. పక్క కిటికీలోంచి ఓ పిల్లి అతని బ్రష్షు మీదికి పంజా విసురుతోంది. అతను బ్రష్షును అటూ ఇటూ తిప్పుతూ దాన్ని ఉడికిస్తున్నాడు. ఎన్నాళ్లకో ఆ పిల్ల పకపకా నవ్వింది.

"చూడు నాన్నా, పిల్లి ముక్కు నీలంగా అయిపోయింది!"

"చూశాను. అతని బరువు డెబ్భై కిలోలనుకో. తాళ్లు రెండు. ఒక్కో తాడులో టెన్షన్ ఎంత?"

నవ్వు ఆగిపోయింది. "మూడొందల నలభై మూడు న్యూటన్లు."

"శెభాష్! స్క్రీన్ లేకపోతే బుర్ర ఎంత చురుగ్గా పనిచేస్తోందో చూశావా!"

నీళ్ల గ్లాసుతో వచ్చిన తల్లి గుమ్మంలోనే నిలబడిపోయింది. "పిల్లని కాసేపు వదిలెయ్యండీ."

"వదిలేశాగా! పుస్తకం ముట్టుకోనిచ్చానా? ఏదో సరదాగా మాట్లాడుకుంటున్నాం." మళ్లీ కూతురి వైపు తిరిగాడు. "పిల్లి ఏ కుటుంబానికి చెందింది, తల్లీ?"

"ఫెలిడే."

"తెల్ల రంగులో కలిపే ఆక్సైడు?"

"టైటానియం..." గ్లాసు అందుకోబోయిన వేళ్లు వణికాయి. నీళ్లు తొణికి ఒళ్లో పడ్డాయి. తల్లి ఆ చేతుల్ని చూసింది. తండ్రి గడియారం చూశాడు.

"ఇంకా పదకొండు నిమిషాలున్నాయి. మధ్యలో ఆపితే గుణం కనిపించదు."

ఆ పదకొండు నిమిషాల్లో కర్బన రసాయనం సగం అయిపోయింది. అలారం మోగగానే నోటుపుస్తకంలో సంతకం పెట్టి, ఘనకార్యం చేసినవాడిలా కౌన్సెలర్‌కు ఫోన్ కలిపి, ఇంటిల్లిపాదీ వినేలా స్పీకర్ నొక్కాడు.

"మేడం, మీరు చెప్పినట్టే చేశాం. అరగంట స్క్రీన్ జోలికే పోనివ్వలేదు. కదలకుండా ఎదురుగా కూర్చుని నేనే దగ్గరుండి చూసుకున్నా."



"నేను ఆపమన్నది అమ్మాయి ఫోన్ కాదండీ," అంది కౌన్సెలర్. "ఆ పిల్ల గదిలో కెమెరా బిగించి, ఆఫీసులో కూర్చుని రోజంతా చూస్తున్నారే, ఆ స్క్రీన్!"