తిట్లు పడ్డ జాగా

చెత్త వేయడానికి జాగా వెతికే లక్ష్మయ్యకు మట్టి కంటే మనుషుల మీదే నమ్మకం ఎక్కువ. అదీ తలకిందుల నమ్మకం.

"జనం రమ్మన్న జాగల ఏదో మతలబు ఉంటది. పొమ్మని తిట్టిన జాగనే మంచి జాగ," అనేవాడు. ఇరవై ఏళ్ల అనుభవమట!

జహీరాబాద్ నుంచి వచ్చి, బీదర్ పక్కనున్న చిద్రిలో ఇల్లు అద్దెకు తీసుకుని, భూములు పరీక్షించి రిపోర్టులు రాసే కన్సల్టెంటు ఆయన. ఆయన జీపు నడిపే పీరప్ప ఈ సూత్రాన్ని ఏ చాయ్ హోటల్లో కూర్చున్నా పదిమందికి వినిపించేవాడు. సారు గొప్ప చెప్పుకోవడానికి అతనికి అంతకు మించి ఏమీ దొరకలేదు పాపం.

బీదర్ పాత డంపు నిండి చెత్త గేటు దాకా వచ్చేసింది. కొత్తదానికి మూడు జాగాలు చూసి, ఒకటి తేల్చి, సోమవారానికల్లా రిపోర్టు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఈ జిల్లాలో లక్ష్మయ్యను ఇంకెవరూ పనికి పిలవరు.

మొదటి జాగాలో షామియానా వేశారు. మిర్చి బజ్జీలు పెట్టారు. ఊరి పెద్ద నవనాథ్ శాలువా కప్పి, "ఆ చెత్తేదో మా ఊరికే ఇయ్యుండ్రి సారూ, మా అదృష్టం," అని చేతులు పట్టుకున్నాడు.

లక్ష్మయ్య బజ్జీలు తిన్నాడు. శాలువా మడిచి జీపులో పెట్టుకున్నాడు. జాగాను కొట్టేశాడు.

"చెత్తకు శాలువ కప్పేటోడు యాడనన్న ఉంటడా పీరప్పా? ఏదో మతలబు!"

గుంత తవ్వితే నాలుగడుగులకే నీళ్లు పడ్డాయి కూడా. అది ఆయన పెద్దగా పట్టించుకోలేదు. అప్పటికే కొట్టేశాడు కదా.

రెండో జాగాలో కుక్క కూడా పలకరించలేదు. పైన మాత్రం గద్దలు తిరుగుతున్నాయి. ఆ మీదుగానే వైమానిక దళం విమానాలు దిగుతాయి. చెత్త పడితే గద్దలు ఇంకా పెరుగుతాయి.

"గద్ద పోయి విమానానికి తాకితే, ముందుగాల రిపోర్టు రాసినోన్ని దేవులాడుతరు," అని అదీ కొట్టేశాడు.

ఇక మిగిలింది మన్నళ్ళి అవతలి బంజరు.

జీపు ఆగీ ఆగకముందే ఒకావిడ అడ్డం వచ్చి నిలబడింది. పేరు ఎంకమ్మ. నోరు పెద్దది. ఆమె వెనక పన్నెండు మంది ఆడవాళ్లు. అందరి చేతుల్లో కర్రలు, కర్రల కొసన ఇనుప కొక్కేలు. పీరప్ప చటుక్కున జీపు అద్దం ఎత్తేశాడు.

"నువ్వేనా చెత్త సారువి? నీ జీపు పాడుగాను! గా గుట్ట అవతల గుడిసెలల్ల ఉంటం మేము. ఆ చెత్త యాడికి పోతదో మా బతుకు గాడికే పోతది. తప్పు జాగ రాసినవంటే పదమూడిండ్ల పొయ్యిలు ఆరిపోతయి, యాదికుంచుకో!"

లక్ష్మయ్య ముఖం వెలిగిపోయింది. పుస్తకం తీశాడు.

"ఇక్కడ నీళ్లున్నయా అమ్మా?"

"నీళ్లా? నాలుగు బోర్లు ఏస్తే నాలుగూ దుమ్మే కక్కినయి. గిదేం నేల సారూ!"

"గద్దలు?"

"గద్దలెందుకొస్తయి, వాటికి మా మీద ఏం ప్రేమ!"

"దగ్గర్ల ఇండ్లు?"

"మావే. అవి సుత కిలోమీటరు దూరం."

"లారీలకు తోవ?"

"తోవ మాత్రం మంచిగుంది, తగలెయ్య!"

గుంత తవ్వారు. డబ్బాల్లో తెచ్చిన నీళ్లు పోశారు. నల్లటి జిగట మట్టి, గంట గడిచినా నీళ్లు వేలెడు కూడా దిగలేదు. చెత్తలోంచి కారే మురికి భూమిలోకి ఇంకకూడదంటే ఇలాంటి నేలే కావాలి. ఆ గంటసేపూ ఎంకమ్మ నోరు మూతపడలేదు. లక్ష్మయ్య తాతముత్తాతల దాకా వెళ్లి వచ్చింది.

ఆ గుంపులో కాశీబాయి అనే ముసలమ్మ ఒక తాడుకు నల్లటి బిళ్ల కట్టి పట్టుకుంది.

"అదేందవ్వా?"

"స్పీకర్ల ఉండే అయస్కాంతం సారూ," అని ఎంకమ్మే అందుకుంది. "దిష్టికి!"

పీరప్ప అద్దం కొంచెం దించి, "సారూ, ఆడోళ్లు మస్తు గరం మీదున్నరు. పోదామా?" అని గొణిగాడు.

"గిదే పీరప్పా, గిదే! ఎంత మనసారా తిడుతున్నరో చూసినవా? మతలబు లేని జాగ!"

జీపు బానెట్ మీద పుస్తకం పెట్టి 'ఎంపిక' అని రాసి, కింద సంతకం గీశాడు.

ఎంకమ్మ నేల మీద కూలబడింది. దోసెడు మట్టి తీసి జీపు మీద చల్లింది. "ముంచినవు గదరా సారూ!" అని వెక్కి వెక్కి ఏడ్చింది. నిజమైన కన్నీళ్లే. లక్ష్మయ్యకు జాలేసింది. ఎంతైనా ఆయనా ఒక తల్లి కన్న బిడ్డే.

"ఏం చెయ్యాలె అమ్మా, యాడనో ఒక్కతాన ఎయ్యాలె గద," అంటూ జీపులోంచి నవనాథ్ శాలువా తీసి ఆమె భుజాల మీద కప్పాడు.

"మొదటి లారీ ఎప్పుడొస్తది?" అంది ఎంకమ్మ ఎక్కిళ్ల మధ్య.

"దసరా దాటినంక."

ఆమె ఇంకా గట్టిగా ఏడ్చింది. లక్ష్మయ్య ఆ ఏడుపు వినలేక, గబగబా జీపెక్కి వెళ్లిపోయాడు.

దుమ్ము అణిగాక ఎంకమ్మ ఆ శాలువాతోనే కళ్లు తుడుచుకుని, పీరప్ప చాయ్ హోటల్లో చెప్పిన సూత్రానికి ఒక దండం పెట్టి, "సప్నా, గోనెసంచులు కుట్టుడు షురూ చెయ్యుండ్రే, ఇగ సీసాలు, ఇనుము ఏరుకునేందుకు రోజూ బీదర్ డంపు దాకా పోయే తిప్పలు తప్పినయి!" అంది.