కిటికీ పక్క బల్ల

"చుట్టలుండాల్సిన చోట చుట్టరికాలు ఉండకూడదు," అన్నాడు కొత్త మేనేజరు, తన చమత్కారానికి తనే మురిసిపోతూ. "భార్యాభర్తలు ఒకే బల్ల దగ్గర పని చెయ్యకూడదని కంపెనీ రూలు. మీలో ఒకరు ఆకు ఏరే గదికి మారాలి."

కిటికీ పక్క బల్ల దగ్గరున్న ఇద్దరూ తలెత్తలేదు. ఇరవై రెండేళ్లుగా ఆ బల్ల వాళ్లదే. లోపలి ఆకు కట్టేది ఆయన. దానిమీద పై ఆకు చుట్టేది ఆవిడ. ఆయన్ని అందరూ బొటనవేలు అంటారు. ఆవిడ పేరు కత్తి. చేతిలోదాన్ని బట్టి వచ్చిందో, నోట్లోదాన్ని బట్టి వచ్చిందో ఇంతవరకూ తేలలేదు.

"నువ్వే వెళ్లు," అంది కత్తి. "ఏరుకోవడం నీకు బాగా వచ్చుగా."

"నా ఏరుకోవడం ఎలా ఏడ్చిందో నిన్ను చూస్తే తెలియట్లా?"

హాలంతా గొల్లున నవ్వింది. ముసలి మేస్త్రి మాత్రం నవ్వలేదు. పొగ పీల్చి పొగడటమో తెగడటమో ఆయన ఉద్యోగం.

"సార్, మన నిండు ఘాటు సరుకంతా ఈ బల్ల మీదే పుడుతుంది. ఒక్క వారం విడదీసి చూడండి. ఆ తర్వాత మీ ఇష్టం."

విడదీశారు. బొటనవేలు పక్కకి ఒక కుర్రది, కత్తి పక్కకి ఒక పెద్దాయన వచ్చారు. బల్లలు మారినా, మధ్యాహ్నం భోజనానికి మాత్రం ఇద్దరూ ఒకే బెంచీ మీద చేరేవారు.

"ఇవాళా మాడిందేనా?" అంది కత్తి, ఆయన డబ్బాలోకి తొంగిచూస్తూ.

"మాడింది."

ఆవిడ తన డబ్బాలోంచి సగం తీసి ఆయన డబ్బాలో పడేసింది. అటుగా పోతున్న మేనేజరు లోలోపల నవ్వుకున్నాడు. మాడింది మొగుడికి, మంచిది తనకి! గడుసుదే.

సాయంత్రం ఆవిడ ముందు గేటు నుంచి, ఆయన వెనక గేటు నుంచి వెళ్లడం కూడా చూశాడు. విడదీసి మంచిపనే చేశాననుకున్నాడు.

శనివారం మేస్త్రి మూడు చుట్టలు ముందు పెట్టుకున్నాడు. మొదటిది బొటనవేలు కట్టగా కుర్రది చుట్టింది. అది ఒకవైపే కాలుతూ పడవలా వంపు తిరిగింది. రెండోది పెద్దాయన కట్టగా కత్తి చుట్టింది. ముచ్చటగా కాలింది గానీ చప్పగా ఉంది. మూడోది ఇద్దరూ కలిసి చేసిన పాత సరుకు. మేస్త్రి రెండు దమ్ములు లాగి మేనేజరుకిచ్చాడు.

మేనేజరు పీల్చాడు. ముందు మిరియం చురుక్కుమంది. ఆపైన చేదు కాఫీ. సగం కాలేసరికి కొత్త తోలు, దేవదారు చెక్క కలిసిన వాసన నోరంతా నిండి, కదలనని కూర్చుంది. ఆయనగారి చమత్కారాలన్నీ ఆ పొగలో కలిసిపోయాయి.

"ఏమిటిది?" అన్నాడు చివరికి.

"మొక్క కొసన ఉండే ఆకుదే సార్, ఘాటంతా," అన్నాడు మేస్త్రి, అక్కడే నిలబడ్డ ఇద్దర్నీ చూపిస్తూ. "అది నిదానంగా కాలుతుంది కాబట్టి సరిగ్గా నడిమధ్య పడాలి. ఆ భయంతోనే పెద్దాయన తక్కువ వేశాడు, చప్పబడింది. ఈయన బొటనవేలు దాన్ని వెంట్రుకవాసి ఎడమకి నొక్కేస్తుంది. ఎన్నేళ్లు చెప్పినా మారలేదు. ఈవిడ సరిగ్గా అక్కడే పై ఆకు కాస్త వదులు చేస్తుంది. ఆ తప్పు ఈవిడ చేతికి తప్ప ఇంకెవరికీ అందదు."

"తెలిసి తెలిసి కప్పిపుచ్చుతున్నానన్నమాట," అంది కత్తి.

"కప్పమని నేను అడిగానా?" అన్నాడు బొటనవేలు.

మేనేజరు నిట్టూర్చాడు. "రుచి ఒప్పుకుంటా. కానీ రూలు రూలే. చేరినప్పుడు మీరిచ్చిన కాగితాల్లో భార్యాభర్తలని రాసుంది. సోమవారం నుంచి ఒకరు ఏరే గదికి వెళ్లాల్సిందే."

"భార్యాభర్తలైతేనేగా సార్, ఆ రూలు?" అంది కత్తి.

"అవును."

కత్తి బొటనవేలు వైపు తిరిగింది. ఈసారి గొంతులో పదును లేదు. "చూపించెయ్యనా?"

ఆయన బొటనవేలికి అంటిన జిగురు తుడుచుకున్నాడు. "ఎవరికీ చెప్పొద్దనుకున్నాం... సరే, ఆ గుట్టు ఈ బల్ల కంటే ఎక్కువా? చూపించు."

ఆవిడ సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చింది. మేనేజరు చదివాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు. కిటికీ పక్క బల్ల వైపు చెయ్యి చూపించాడు.

వాళ్లిద్దరికీ విడాకులై తొమ్మిదేళ్లయింది.