బేరింగు పట్టేసిందట

“క్రాంకు బేరింగు పట్టేసిందే ఎల్లే. నీ మంచుబండి ఇక కదలదు. రేపు మంద దగ్గరికి నేనెలాగూ పోతాగా, నీ రెయిన్‌డీర్ పిల్లల చెవులకు నీవని తెలిసేలా నీ గుర్తు నేనే కోసి వస్తాలే,” అన్నాడు అన్న ఇస్సాత్.

ఎల్లె ఇంజను స్టార్టు చేసే తాడు పట్టి లాగింది. నిజమే, బిగుసుకుపోయింది.

“ప్లగ్గులు తీసి చూశావా?”

“తీశా.”

“బెల్టు?”

“నాకే నేర్పుతావా?” అని కసిరాడు.

ఆమె బెల్టుకు గడ్డకట్టిన మంచును కొట్టి, దాన్ని విప్పి పడేసి, మళ్లీ లాగింది. ఇంజను గరగర కూడా లేకుండా నున్నగా తిరిగింది.

“బేరింగు బంగారంలా ఉంది కదన్నా! రేపు నేనూ వస్తా.”

ఇస్సాత్ ముఖం మాడింది. “జరుగు, బెల్టు నేను ఎక్కిస్తా,” అంటూ పానా కోసం జేబులో చెయ్యి పెట్టాడు. పానాతో పాటు చెవి ముక్కలు మంచులో రాలాయి. ఎన్ని పిల్లలకు గుర్తు వేశారో తెలియడానికి కోసిన ముక్కల్ని జేబులో వేసుకోవడం అక్కడ అందరికీ అలవాటే.

అంటే గుర్తులు వేయడం ఈపాటికే అయిపోయింది.

అతను గబగబా ఏరుకుంటుంటే ఎల్లె ఒక ముక్క మీద కాలు వేసింది. తెల్లటి ముక్క. మందలో తెల్లవి ఆమెవి తప్ప ఎవరివీ లేవు. కోత ఆకారం మాత్రం అన్న గుర్తుది.

ఆమె కాలు తీసింది.

“ఇదీ ఏరుకో. లెక్క తప్పిందంటే రేపు నన్నే దొంగంటావు.”